గోడలో కిటికీ కాసిన నూకరత్నం

అనగా అనగా ఒక ఊరు. ఆ ఊరు కొండ మీద లేదు, ఏటి ఒడ్డునా లేదు. నీ ఈడు పిల్ల ఒకతి ఉండేది, పూర్ణ అని. ఆ పూర్ణ కడుపులో ఉండేది ఆ ఊరు.

నవ్వకు. కడుపులో ఊరేమిటి అమ్మమ్మా అంటావు. ఉంటుందమ్మా. అన్నం ముద్ద గొంతు దిగాక ఎక్కడికి పోతుందనుకున్నావు? మెలికలు తిరిగిన ఒక పెద్ద కాలువలో పడుతుంది. ఆ కాలువ గట్టునే ఊరు. ఊరికీ కాలువకీ మధ్య ఒక గోడ. ఆ గోడ ఇటుకలతో కట్టింది కాదు, రాళ్ళతో పేర్చిందీ కాదు. ఊళ్ళోవాళ్ళే భుజానికి భుజం ఆనించి వరసగా నిలబడి గోడయ్యారు. ఒక్కటే వరస. వాళ్ళ వెనక ఇంకో వరస లేదు.

కాలువలో ముందు పప్పన్నం వచ్చేది, తర్వాత పెరుగన్నం వచ్చేది. గోడవాళ్ళు అందులో సారమంతా పీల్చి వెనకనున్న ఊరికి అందించేవారు. అన్నంతోపాటు చుట్టాలొచ్చేవారు. వాళ్ళు కాలువలోనే కాపురముండి, మనకి అరగని పీచూ పిప్పీ తిని, ఊరికి మేలే చేసేవారు. అప్పుడప్పుడు దొంగలూ వచ్చేవారు. చుట్టానికీ దొంగకీ పైకి చూస్తే తేడా తెలిసేది కాదు. అదీ ఆ ఊరి కష్టం.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ గోడలో నిలబడ్డవాళ్ళకి ఆయుష్షు నాలుగు రోజులే. గోడ అడుగున చిన్న చిన్న బావులుండేవి. పిల్లలు ఆ బావుల్లో పుట్టి, ఒక్కో మెట్టూ ఎక్కి పైకొచ్చి, తమ చోట నిలబడేవారు. నాలుగో రోజు వచ్చేసరికి వెనకొచ్చేవాళ్ళకి చోటిచ్చి కాలువలోకి జారిపోయేవారు. జారిపోయే ముందు కొత్తగా వచ్చినవాళ్ళ భుజం తట్టి, "భుజం వదలకు" అని చెప్పేవారు. అది వాళ్ళ ఆనవాయితీ. నాలుగు రోజులేనా అని మొహం చిన్నబుచ్చుకోకు. వాళ్ళకి అవే నిండు నూరేళ్ళు.

ఆ గోడలోకి ఒక రోజు నూకరత్నం అనే అమ్మాయి వచ్చి నిలబడింది.

అటూ ఇటూ చూసుకుంది. అందరికీ కాలువ వైపు కుచ్చుల అంగీలున్నాయి, ఆ కుచ్చులతోనే సారం పీలుస్తున్నారు. తనకి కుచ్చుల్లేవు. అందరి ముందూ జిగురు దట్టంగా పూసి ఉంది. తన ముందు పల్చగా, ఉందా లేదా అన్నట్టుంది. తన చోట గోడలో ఒక చిన్న కిటికీ కూడా ఉంది. నూకరత్నానికి ఏడుపొచ్చినంత పనయింది. నన్నొక్కదాన్నీ ఇలా చేశారేమిటి అనుకుంది.

అప్పుడు వెనకనుంచి ఎవరో పిలిచారు. తిరిగి చూస్తే కొలిమి. కొలిమి దగ్గర కమ్మరి పాపయ్య. ఆయన గోడలో మనిషి కాదు, గోడ వెనక మనిషి. ఏళ్ళ తరబడి బతికేవాడు.

"అమ్మాయ్, నీకు కుచ్చులంగీ దేనికి? నీది కిటికీ పని. కాలువలో పోయేవాళ్ళలో ఒకణ్ణి ఒడిసిపట్టి లోపలికి లాగు. నీ వెనక కొంగు ముడిలో పెట్టి నాకివ్వు. నేను ఎగాదిగా చూసి చుట్టమో దొంగో చెబుతాను."

"దొంగైతే?"

"వాడి ఒంటికి సరిపడే పట్టుకారు చేస్తాను. ఒక జాతి దొంగకి చేసింది ఇంకో జాతి దొంగకి పట్టదు. వాణ్ణి చూడకుండా నేను చెయ్యలేను, నువ్వు చూపించకుండా నేను చూడలేను."

సరే అంది నూకరత్నం. చిన్నపిల్ల కదా, పనికి పేరుంటే చాలు, బెంగ పోయింది.

ఆమెకి కుడిపక్కన, ఆ రోజే కాస్త ముందుగా వచ్చి నిలబడ్డ సూరమ్మ ఉండేది. సూరమ్మ పని జిగురు. కడవలకి కడవలు జిగురు తీసి, గోడ పొడుగునా పూస్తూనే ఉండేది. దొంగలు ఆ జిగురులో కాలు కూరుకుపోయి, గోడ దాకా రాలేకపోయేవారు. మనిషి మంచిదే. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"అందరం తలుపులు బిడాయించుకుంటుంటే నువ్వు కిటికీ తీసుకు కూచుంటావేమే పిల్లా! నే పూసింది పూసినట్టు నీ దగ్గరకొచ్చేసరికి పల్చనైపోతోంది" అనేది.

"నా పనే అది కదక్కా" అనేది నూకరత్నం.

"అఘోరించినట్టుంది నీ పని" అనేది సూరమ్మ. అంటూనే నూకరత్నం భుజానికి తన భుజం ఇంకాస్త దగ్గరగా జరిపేది.

మొదటి రోజు నూకరత్నం కిటికీ తీసి ఒకణ్ణి పట్టుకుంది. వాడు గుండ్రంగా, మెత్తగా ఉన్నాడు. పాపయ్య చూసి, "వీడు మనవాడే. పెరుగన్నంతో వచ్చాడు. వీడి జోలికి ఎవరూ పోవద్దని చెప్పు" అన్నాడు. నూకరత్నానికి సంతోషం వేసింది. దొంగని పట్టుకోవడమే కాదు, మంచివాణ్ణి మంచివాడని చెప్పడం కూడా తన చేతిమీదుగానే జరగాలన్నమాట.

ఇదిలా ఉండగా పైన పూర్ణ ఏం చేసిందీ? బడి ముందు బండి మీద మామిడికాయ ముక్కలు పెట్టారు. ఉప్పూ కారం చల్లి, మూత లేకుండా, ఈగలు ముసురుతూ. వద్దని వాళ్ళమ్మ చెప్పింది. ఈవిడగారు వింటుందా? కొనుక్కుంది. పోనీ చెయ్యి కడుక్కుందా అంటే, గౌనుకి తుడుచుకుంది. నిన్ను కాదు లేమ్మా అంటున్నది, పూర్ణని అంటున్నాను.

ఆ ముక్కలతోపాటు కొత్త జాతి దొంగలు కొందరు కాలువలోకి దిగారు.

రెండో రోజు నూకరత్నం కిటికీ తీసింది. చెయ్యి చాచి ఒకణ్ణి పట్టుకుంది. పట్టుకోగానే తెలిసింది, వీడి ఒళ్ళు వేరుగా ఉంది, గరుకుగా ఉంది. భయం వేసింది. అయినా లోపలికి లాగి కొంగులో వేసింది. ముడి వెయ్యబోతూ ఆ భయంతోనే చెయ్యి వదిలేసింది. అంతే, వాడు కొంగులోంచి జారి గోడ వెనక్కి దూకేశాడు.

దొంగకి గోడ ముందు నిలబడితే జిగురు అడ్డం, భుజాలు అడ్డం. వెనకవైపు ఏ అడ్డమూ లేదు. వాడు ఎడంపక్కనున్న కన్నమ్మని వెనకనుంచి పట్టుకున్నాడు. కన్నమ్మ అరవలేకపోయింది కూడా. గోడలోంచి ఊడి కాలువలో పడిపోయింది. ఆమెకి ఇంకా రెండు రోజుల ఆయుష్షుంది.

అప్పుడు కొలిమి చుట్టూ తిరిగే కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ దొంగని పట్టుకుని నమిలి మింగేశారు. ఊరు దక్కింది గాని, పాపయ్య కొలత తీసుకోవడానికి ఆ దొంగ గోరుముక్కైనా మిగల్లేదు.

గోడ పొడుగునా గుసగుసలు. కిటికీలోంచే వచ్చాడట. ఆవిడే చేత్తో లోపలికి తెచ్చిందట. నూకరత్నం ఎడంపక్కకి తిరిగి చూస్తే కన్నమ్మ భుజం ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ చూడలేకపోయింది.

ఆ తర్వాత సూరమ్మని పిలిచింది. "అక్కా, ఈ కిటికీ నాకొద్దు. మూసెయ్యి."

సూరమ్మ ఆ మాట కోసమే చూస్తోంది. ఒక పూత పూసింది, దాని మీద రెండో పూత పూసింది, అదీ చాలదని మూడోది కూడా పూసింది. కిటికీ ఉన్న జాడ కూడా లేకుండా పోయింది. వెనకనుంచి పాపయ్య, "అమ్మాయ్! అమ్మాయ్!" అని పిలుస్తూనే ఉన్నాడు. నూకరత్నం వెనక్కి తిరగలేదు.

నాకైతే సూరమ్మ మీద కోపం లేదమ్మా. భయమేసినప్పుడు తలుపు మూసుకోవడం ఎవరికైనా తోచేదే. మీ అమ్మ నీకు జ్వరమొస్తే కిటికీలన్నీ మూసి కూచోదూ! నూకరత్నం మీదా నాకు కోపం లేదు. కాని ఆ ఊరు చేసిన తప్పు మాత్రం అదే.

మూడో రోజు దొంగలు మందగా వచ్చారు. కాలువలో మిగిలినవాళ్ళలో ఒకడు వందయ్యాడు, వంద వెయ్యయ్యారు. సూరమ్మ పూసిన జిగురుని కరిగించుకుంటూ వచ్చారు. ఆమె పూస్తోంది, వాళ్ళు కరిగిస్తున్నారు. చేతులు పడిపోయేలా పూసింది పాపం. గోడలో ఇక్కడొకరు, అక్కడొకరు ఊడిపడుతున్నారు.

బావి అడుగున మందుల గవరయ్య ఉండేవాడు. ఆయన బావిలోనే పుట్టి, పైకి ఎక్కకుండా కిందే ఉండిపోయిన మనిషి. అందుకే ఆయన ఆయుష్షు నెల దాటింది. ఘాటు మందులు నూరి బావి చుట్టూ చల్లడం ఆయన పని, బావిలో పుట్టే పసివాళ్ళ దగ్గరికి దొంగ రాకుండా. ఆ రోజు రోలు ఖాళీ అయ్యేదాకా చల్లాడు. బావులు నిలిచాయి. పైనున్న గోడ మాత్రం నిలిచేలా లేదు.

ఇక పూర్ణ సంగతి చెప్పక్కర్లేదు. కడుపు పట్టుకుని చుట్టుకుపోయింది. విరోచనాలు. వాళ్ళమ్మ డాక్టరు గారికి చూపించి, చెంచా చెంచాగా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోస్తోంది. ఆ పిల్ల మూలుగు గోడ దాకా వినిపించింది.

నూకరత్నం విన్నది. ఆ పిల్లకి ఏమీ కాకుండా ఉంటే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంది. కాని ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు బావి దగ్గరికి వంగి, "తాతా" అని పిలిచింది.

"ఏమ్మా" అన్నాడు గవరయ్య.

"ఆ దొంగని నేనే తెచ్చాను తాతా."

"నువ్వే తెచ్చావు. కాదనను." గవరయ్య రోలు పక్కన పెట్టాడు. "ఈ ఊరి మీదికి దొంగలు రావడం నా ఎరికలో ఇది మూడోసారి. ఆ రెండుసార్లూ కూడా కిటికీ కాసే పిల్ల చేతిలోంచి ఒకడు జారాడు. కిటికీ అన్నాక జారతాడమ్మా."

"మరి కిటికీ దేనికి తాతా? గోడ చాలదా?"

"గోడ ఆపుతుంది. ఎవణ్ణి ఆపుతోందో దానికి తెలీదు. నా మందూ అంతే, ఎవడి మీద పడుతోందో చూడకుండానే చల్లుతాను. వచ్చింది ఎవడో పాపయ్యకి చెప్పగలిగేది నువ్వొక్కదానివే. ఆయన దగ్గర పాత దొంగలకి చేసిన పట్టుకార్లు బోలెడున్నాయి. ఇందాకట్నుంచీ ఒక్కోటీ వేసి చూస్తున్నాడు, ఒక్కటీ వీళ్ళకి పట్టడం లేదు."

నూకరత్నం పూత పడ్డ కిటికీని చేత్తో తడిమింది. ఆ తర్వాత, "మళ్ళీ జారితే?" అంది.

"జారవచ్చు" అన్నాడు గవరయ్య. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

నాలుగో రోజు వచ్చింది. నూకరత్నానికి అది ఆఖరి రోజు. పొద్దున్నే గోళ్ళతో కిటికీ మీది జిగురు గీకడం మొదలుపెట్టింది. మూడు పూతలు కదా, ఒకంతట వస్తుందా! గోళ్ళు నొప్పెడుతున్నాయి.

సూరమ్మ చూసి కేకలేసింది. "నీకేమైనా మతి పోయిందా? అటు అంతమంది ఉంటే కిటికీ తీస్తావా?"

"అక్కా, నిన్న నువ్వు ఎన్ని కడవలు పూశావు?"

సూరమ్మ కరిగిపోయిన పూత వైపు చూసింది.

"రేపు నువ్వూ ఉండవు, నేనూ ఉండను. మన చోట్లోకి వచ్చేవాళ్ళకి వీడెవడో కూడా తెలీదు. వాళ్ళూ మనలాగే పూసి పూసి పోతారు. ఒక్కణ్ణి పాపయ్య బాబాయ్ చేతిలో పెట్టి పోతానక్కా."

సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత తను పూసిన పూతలు తనే మూడూ ఊడ్చేసింది. కిటికీ తెరుచుకుంది.

నూకరత్నం చెయ్యి బయటపెట్టింది. మొదటిసారి చేతికి మెతుకు తగిలింది. వదిలేసింది. రెండోసారి గుండ్రటివాడు, చుట్టం తగిలాడు. పాపం వాడూ భయంతో వణుకుతున్నాడు, వాణ్ణీ వదిలేసింది. మూడోసారి గరుకు ఒళ్ళు తగిలింది.

ఈసారి వాడే ముందు పట్టుకున్నాడు. నూకరత్నం చెయ్యి మెలిపెట్టాడు. సూరమ్మ తన దగ్గర మిగిలిన ఆఖరి జిగురంతా తెచ్చి వాడి కాళ్ళ మీద కుమ్మరించింది. వాడి ఊపు తగ్గింది. నూకరత్నం లోపలికి లాగింది. కొంగులో వేసింది. ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. వాడు లోపల తన్నుకుంటుంటే, రెండు చేతులతో ఆ ముడిని పట్టుకుని అలాగే నిలబడింది. భయం వెయ్యలేదనుకోకు. మొన్నటికంటే ఎక్కువే వేసింది. అయినా పాపయ్య వచ్చి తన చేత్తో అందుకునేదాకా వదల్లేదు.

పాపయ్య వాణ్ణి దిమ్మ మీద పెట్టి నొక్కిపట్టాడు. తిప్పి తిప్పి చూశాడు. కొలత తీశాడు.

"దొరికాడు" అన్నాడు.

"పట్టుకారు ఎప్పటికవుతుంది బాబాయ్?" అంది నూకరత్నం.

పాపయ్య తల పైకెత్తలేదు. "మూడు రోజులు. నాలుగైనా పట్టొచ్చు."

ఆమెకి ఆ సాయంత్రం దాకానే ఉంది. తను పట్టిచ్చిన దొంగకి పట్టుకారు తయారవడం తను చూడదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

"చేస్తావుగా?" అంది.

"చేస్తానమ్మా" అన్నాడు పాపయ్య. కొలిమిలో బొగ్గులు ఎగదోశాడు.

సాయంత్రానికి కొత్త పిల్ల ఒకతి మెట్లెక్కి వచ్చింది. కుచ్చులంగీ లేదని దిగులుగా చూసుకుంటోంది. నూకరత్నం ఆ పిల్ల భుజం తట్టింది. "భుజం వదలకు" అంది. అంతవరకూ అందరూ చెప్పేదే. ఆ తర్వాత, "కిటికీ మూయకు" అని కూడా చెప్పింది. చెప్పి మెల్లగా కాలువలోకి జారిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు గోడ ఎలా నిలబడిందో ఆ గోడకే తెలియాలి. ఊడిన చోటల్లా కిందనుంచి ఒకరెక్కి వచ్చారు. గవరయ్య మళ్ళీ రోలు నింపాడు. కాలువ పొంగి పొంగి దొంగల్ని తోసింది. పైన పూర్ణ వాళ్ళమ్మ పోసిన ఉప్పూ పంచదార నీళ్ళే ఊరు ఎండిపోకుండా కాపాడాయి. కూతురి పక్కనుంచి కదలకుండా పోసింది ఆ మహాతల్లి.

నాలుగో రోజు కొలిమిలోంచి పట్టుకార్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, వేలు. గోడలో ప్రతివాళ్ళూ వెనకనుంచి అందుకుని ముందువైపు కాలువలోకి అందించారు. ఒక్కో పట్టుకారూ వెళ్ళి ఒక్కో దొంగని గట్టిగా పట్టేసింది. చుట్టాల్లో ఒక్కణ్ణీ తాకలేదు. పట్టుబడ్డ దొంగలు కదల్లేక జిగురులో కూరుకుపోయారు, కాలువ వాళ్ళని ఊడ్చుకుపోయింది. ఆ సాయంత్రం పూర్ణ లేచి కూచుని, చారన్నం పెట్టమని అడిగింది.

కొలిమి చల్లారాక పాపయ్య అందులో ఒక పట్టుకారు తీసి, కొలిమి గోడకి మేకు కొట్టి తగిలించాడు.

రెండు నెలలు గడిచాయి. ఆ జాతి దొంగే మళ్ళీ వచ్చాడు. ఎలా వచ్చాడని అడగకు, పూర్ణకి బుద్ధి రావాలి కదా! అప్పటికి గోడలో పాతవాళ్ళు ఒక్కరూ లేరు. గవరయ్య కూడా లేడు, ఆయన రోలు దగ్గర వేరే ఆయన కూచున్నాడు. కిటికీ దగ్గర ఇంకెవరో పిల్ల. ఆ పిల్ల చెయ్యి చాచి గరుకు ఒంటివాణ్ణి పట్టి, కొంగులో ముడేసి వెనక్కి అందించింది.

పాపయ్య వాణ్ణి చూశాడు. కొలతలు తియ్యలేదు. మేకు మీది పట్టుకారు తీసి వాడికి వేశాడు. అతికినట్టు సరిపోయింది. అలాంటివే మరికొన్ని గబగబా పోతపోశాడు. మధ్యాహ్నానికల్లా దొంగలందరూ జిగురులో ఉన్నారు.

"ఇంత తొందరగా ఎలా చేశావు బాబాయ్?" అని అడిగింది కిటికీ పిల్ల, ఆశ్చర్యపోయి.

"కొలత ఎప్పుడో ఇచ్చిపోయిందమ్మా, నూకరత్నమని. నీ చోట్లోనే నిలబడేది. పట్టుకారు మాత్రం చూళ్ళేదు" అన్నాడు పాపయ్య.

ఆ పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరిగి చెయ్యి బయటపెట్టింది.

మరి ఆ రోజు పూర్ణకి ఏమైందంటావా? ఏమీ కాలేదమ్మా. బడికెళ్ళింది. ఎక్కాలు అప్పజెప్పింది, ఏడో ఎక్కంలో తడబడింది. సాయంత్రం తొక్కుడుబిళ్ళ ఆడి, పెరుగన్నం తిని పడుకుంది. తన కడుపులోకి దొంగలొచ్చారనీ, పోయారనీ ఆ పిల్లకి తెలియనే తెలియదు. నూకరత్నం కోరుకున్నది అంతే.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి గడప తొక్కింది,
కావలి కాసేవాళ్ళు కాస్తారు,
కళ్ళు మూసుకో, నా బంగారు.